ఇరవై రెండు రింగులు

పదహారు... పదిహేడు... పద్దెనిమిది...

వల్లి వేళ్ళు మడుస్తూ లెక్కపెడుతోంది. హాల్లో బల్ల మీద నల్ల ఫోను ఆగకుండా మోగుతోంది. అమ్మ రమామణి గచ్చు మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. నాన్న పడక్కుర్చీలో పేపరు చదువుతున్నారు. చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఫోను ఉంది. ముగ్గురిలో ఒక్కరూ కదల్లేదు.

పందొమ్మిదో రింగు తర్వాత ఫోను అలిసిపోయి ఊరుకుంది.

"నిన్నటికంటే రెండు ఎక్కువ నాన్నా," అంది వల్లి.

"ఊఁ," అన్నారు నాన్న పేపరు దించకుండా.

ఆ ఇంట్లో ఇది మామూలే. వల్లి వాళ్ళ నాన్న కాశీవిశ్వనాథం గారు సినిమాలకు ప్రొడక్షన్ మేనేజరు. షూటింగుకి మనుషుల్నీ, జీపుల్నీ, భోజనాల్నీ సమకూర్చడం ఆయన పని. డైరెక్టరు గారు అడిగితే మండుటెండలో వాన కూడా తెప్పించాలి. అందుకని ఫిల్మ్ నగర్‌లో ఆయన నంబరు తెలియనివాళ్ళు లేరు. తెల్లారిందంటే చాలు, వేషం కావాలని ఒకరు, తన కారు షూటింగుకి పెట్టించమని ఇంకొకరు.

ఆ బాధ పడలేక నాన్న ఒక గుర్తు పెట్టారు. కావలసినవాళ్ళు ముందు రెండు రింగులు ఇచ్చి పెట్టేస్తారు. తర్వాత మళ్ళీ చేస్తారు. అప్పుడు ఎత్తాలి. గుర్తు లేకుండా మోగితే మాత్రం ఎత్తకూడదు. గంటసేపు మోగినా సరే.

"ఈ గుర్తు బయటివాళ్ళెవరికీ చెప్పకు. నీ ప్రాణ స్నేహితురాలికైనా సరే," అని నాన్న చిలక్కి చెప్పినట్టు చెప్పారు. వల్లి ఎవరికీ చెప్పలేదు. పాపం, రహస్యం దాచడం ఆ పిల్లకి ఆ ఒక్క విషయంలోనే చేతనయింది.

"రోజూ ఐదింటికి చేస్తారు. ఎవరు నాన్నా?" అని అడిగింది వల్లి.

నాన్న పేపరు మడిచారు. "జానకిరామయ్య గారని ఒక పెద్దాయన. నాటకాలాడేవారు. కొత్త సినిమాలో తాత వేషం ఉంది, మీ పేరే చెబుతాను, ఐదింటికి ఫోన్ చెయ్యండి అన్నాను. ఈలోపు డైరెక్టరు గారు ఇంకొకరిని పెట్టేసుకున్నారు."

"మరి ఆ మాట చెప్పొచ్చుగా?"

"ఎలా చెప్పనే? మాటిచ్చి కూర్చున్నాను. మొహం చెల్లడం లేదు." నాన్న మళ్ళీ పేపరు విప్పారు. "ఎత్తకపోతే ఆయనకే అర్థమవుతుందిలే."

ఆ మాట వల్లికి బాగా బుర్రకెక్కింది. ఫోను ఎత్తలేదంటే, నీతో మాట్లాడడం ఇష్టం లేదని చెప్పినట్టు.

నిజానికి ఆ బుధవారం సాయంత్రం వల్లి సరదాకి లెక్కపెట్టడం లేదు. పొద్దున స్కూల్లో జరిగింది తలుచుకోకుండా ఉండడానికి లెక్కపెట్టింది. రింగులు ఆగిపోయేసరికి అదంతా మళ్ళీ గుర్తొచ్చింది.

వల్లికి కౌసల్య అంటే ప్రాణం. ఇద్దరూ ఐదో తరగతి. కౌసల్య వాళ్ళ నాన్న సుబ్రహ్మణ్యం గారు సౌండ్ ఇంజనీరు. ఆయనతో పాటు డబ్బింగ్ థియేటర్‌కి వెళ్ళి వెళ్ళి, కౌసల్యకి ఒక విద్య పట్టుబడింది. సినిమాల్లో చిన్న పిల్లలు నటిస్తారుగా, వాళ్ళకి వెనకనుంచి గొంతు ఇస్తుంది. చీకటి గదిలో మైకు ముందు నిలబడి, తెర మీది బాబు పెదవులు కదిలినప్పుడల్లా తను మాట్లాడుతుంది. తను ఏడుస్తుంది. ముఖ్యంగా ఏడుపు. ఏడుపంటే కౌసల్యనే పిలుస్తారు.

ఈ సంగతి స్కూల్లో వల్లికి తప్ప ఎవరికీ తెలియదు.

"ఎవరికీ చెప్పకు వల్లీ. తెలిస్తే అందరూ నన్ను ఏడవమంటారు. నాకు సిగ్గు," అని కౌసల్య చేతిలో చెయ్యి వేయించుకుని ఒట్టు పెట్టించుకుంది.

బుధవారం ఆఖరి పరీక్ష. పేపర్లు ఇచ్చేశాక కౌసల్య వల్లి చెవిలో, "నీకో మాట చెప్పాలి. బస్సెక్కాక చెబుతాను," అంది. ఈలోపు క్లాసులో గొప్పలు మొదలయ్యాయి. మా పక్కింట్లో హీరో ఉంటాడని ఒకడు. మా మామయ్య ఫైటింగ్ సీన్‌లో పడ్డాడని ఇంకొకడు. వల్లికి నోరు దురద పుట్టింది.

"అదేం గొప్ప? మొన్నటి సినిమాలో అమ్మ చచ్చిపోతే ఏడ్చిన బాబు లేడూ, ఆ గొంతు మా కౌసల్యదే."

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు. ముప్ఫై మంది కౌసల్య చుట్టూ మూగారు. "ఏడువ్, ఏడువ్. ఒక్కసారి ఏడ్చి చూపించు," అని బల్లలు చరిచారు. కౌసల్య గోడకి ఆనుకుని నిలబడింది. వల్లి వైపు ఒక్క చూపు చూసింది. తర్వాత ఏడ్చింది.

అది నిజమైన ఏడుపు. పిల్లలందరూ నటన అనుకుని చప్పట్లు కొట్టారు. వల్లి కూడా రెండు సార్లు కొట్టింది. మూడోసారికి కౌసల్య ముక్కు కారడం చూసి ఆగిపోయింది.

కౌసల్య బస్సెక్కలేదు. వాళ్ళ నాన్న వచ్చి తీసుకెళ్ళారు. మరునాటి నుంచి వేసవి సెలవులు.

అందుకే నాన్న లేచి స్నానానికి వెళ్ళగానే వల్లి ఫోను ముందు కూర్చుంది. కౌసల్య నంబరు తిప్పింది. అవతల రింగు మొదలైంది.

కౌసల్య వాళ్ళది జూబ్లీ హిల్స్‌లో ఒక పెద్ద బంగళా వెనక రెండు గదుల ఇల్లు. ఫోను మంచం పక్కనే ఉంటుంది. రోజూ వల్లే చేస్తుంది. మూడో రింగు లోపలే కౌసల్య ఎత్తేస్తుంది.

ఆ రోజు పది రింగులైనా ఎత్తలేదు. పదిహేనైనా ఎత్తలేదు.

ఎవరో అయితే, ఊళ్ళో లేరేమో అనుకునేవాళ్ళు. వల్లికి అలా తోచలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, తప్పు చేసినవాళ్ళకి అన్నీ తమ గురించే అనిపిస్తాయి. పైగా మోగే ఫోను చుట్టూ జనం ఎలా కూర్చుంటారో వల్లికి బాగా తెలుసు. కళ్ళు మూసుకుంటే చాలు, కనిపించింది. కౌసల్య వాళ్ళమ్మ కూర తరుగుతోంది. వాళ్ళ నాన్న పేపరు చదువుతున్నారు. కౌసల్య మంచం మీద కూర్చుని ఫోను వైపు చూస్తూ వేళ్ళు మడుస్తోంది.

వల్లి రిసీవరు పెట్టేసింది.

గురువారం నాలుగు సార్లు చేసింది. శుక్రవారం ఐదు సార్లు చేసింది. ఒకసారి రెండు రింగులిచ్చి పెట్టేసి మళ్ళీ చేసింది. ఆ గుర్తు వాళ్ళింట్లో చెల్లదని తెలిసినా చేసింది. అవతల రింగు హాయిగా, తీరిగ్గా మోగుతూనే ఉంది.

శనివారం మధ్యాహ్నం వల్లి అన్నం కెలుకుతూ కూర్చుంది.

"అమ్మా, ఎవరైనా ఫోను ఎత్తకపోతే కోపం ఉన్నట్టేనా?"

"అదేం లేదు. బయటికి వెళ్ళి ఉంటారు. నిద్రపోతూ ఉంటారు. సవాలక్ష ఉంటాయి," అంది అమ్మ.

"మనం నిద్రపోం కదమ్మా. ఇక్కడే కూర్చుని ఎత్తం కదా."

అమ్మ గరిటె కింద పెట్టింది. "మజ్జిగ పొయ్యనా?" అంది.

వల్లికి మజ్జిగ వద్దు. ఏమీ వద్దు. ఆ రాత్రి దిండులో మొహం పెట్టుకుని ఏడ్చింది. ఇక ప్రపంచంలో తనతో మాట్లాడేవాళ్ళే లేరనిపించింది. ఏడ్చి ఏడ్చి కోపం కూడా వచ్చింది. తప్పు చేశాను, సరే. పది సార్లు ఫోను చేశాను కదా. ఒక్కసారి ఎత్తి నన్ను తిట్టొచ్చుగా. అంత పట్టుదల ఎందుకు?

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి ఫోను మోగింది. నాన్న పెరట్లో స్కూటరు తుడుస్తున్నారు. అమ్మ వంటింట్లో ఉంది. హాల్లో వల్లి ఒక్కతే.

ఒకటి, రెండు, మూడు. గుర్తు లేదు. పెద్దాయన ఈ రోజు పొద్దున్నే మొదలుపెట్టారు అనుకుంది వల్లి. బల్ల పక్కన మోకాళ్ళు పట్టుకుని కూర్చుని లెక్కపెట్టింది. పందొమ్మిది దాటింది. ఇరవై దాటింది. ఇరవై రెండు దగ్గర ఆగింది. ఇంతవరకు వాళ్ళింట్లో అన్ని రింగులు ఎప్పుడూ మోగలేదు.

సాయంత్రం నాన్న స్టూడియోకి వెళుతూ, "దిగాలుగా కూర్చున్నావేం? రా, అలా తిరిగొద్దాం," అని వల్లిని స్కూటరు వెనక కూర్చోబెట్టుకున్నారు. కొండరాళ్ళ మధ్య నుంచి దారి పైకెక్కి జూబ్లీ హిల్స్‌లోకి తిరిగింది. కౌసల్య వాళ్ళ వీధి మొదట్లో రోడ్డు పొడుగునా గొయ్యి తవ్వి ఉంది. నీళ్ళ పైపులు వేస్తున్నారు. నాన్న స్కూటరు నెమ్మది చేశారు.

"ఇదేగా కౌసల్య వాళ్ళ వీధి? ఆపనా? నేను స్టూడియోకి వెళ్ళొచ్చేదాకా ఆడుకో."

వల్లి తల పక్కకి వంచి చూసింది. బంగళా గేటు ముందు ఒక టెంపో ఆగి ఉంది. అందులో మంచం కోళ్ళు పైకి కనిపిస్తున్నాయి. షూటింగు సామానేమో అనుకుంది. ఆ వీధిలో రోజూ ఏదో ఒక షూటింగు ఉంటుంది.

దిగి పరిగెత్తాలని కాళ్ళకి ఉంది. లోపల మాత్రం రింగులన్నీ మళ్ళీ మోగాయి.

"వద్దు నాన్నా. వాళ్ళకి నేనంటే ఇష్టం లేదు. వెళ్ళిపోదాం."

"సరే నీ ఇష్టం," అని నాన్న స్కూటరు ముందుకి పోనిచ్చారు.

సోమవారం పొద్దున లైన్‌మన్ బాలనర్సయ్య వచ్చాడు. ఫోనులో గరగర వస్తోందని నాన్న చెప్పి పంపారు. బాలనర్సయ్య రిసీవరు మూత విప్పి, ఊది, తుడిచి, మళ్ళీ బిగించాడు. అమ్మ ఇచ్చిన మంచినీళ్ళు తాగి చొక్కాతో మొహం తుడుచుకున్నాడు.

"సార్, మొన్ననే రావాల్సి ఉండె. జూబ్లీ హిల్స్‌ల పైపులు తవ్వెటోళ్ళు మా కేబుల్ తెంపిండ్రు. బుధవారం సంది గా గల్లీల ఫోన్లన్నీ బంద్. మూడు దినాలు గా గుంతలనే ఉన్న," అన్నాడు.

బొమ్మల పుస్తకం తిరగేస్తున్న వల్లి తలెత్తింది.

"ఏ వీధి? పెద్ద గేటుకి రెండు ఏనుగు బొమ్మలుంటాయి, అదా?"

"గదే బిడ్డా. ఏనుగుల బంగ్లా గల్లీ."

"కాదు," అంది వల్లి. "నేను చేస్తే రింగు వచ్చింది. చాలాసార్లు వచ్చింది. బంద్ అయితే ఎలా వస్తుంది?"

బాలనర్సయ్య నవ్వాడు. అందరూ అడిగే ప్రశ్నే అది. "నీకు ఇనవడ్డ రింగు గా ఇంట్లది గాదు బిడ్డా. మా ఎక్స్‌చేంజ్‌ల కెల్లి నీ చెవుల వడుతది. ఆడ తీగ తెగితే ఆళ్ళ ఫోను చప్పుడే చెయ్యది. దినమంత చేసినా ఆళ్ళకు తెల్వనే తెల్వది."

వల్లి పుస్తకం పక్కన పడేసింది. మంచం మీద కూర్చుని వేళ్ళు మడిచే కౌసల్య లేదు. కూర తరిగే వాళ్ళమ్మ లేదు. ఆ బొమ్మంతా తన ఇంటిదే. తన ఇంటిని తీసుకెళ్ళి కౌసల్య ఇంట్లో పెట్టి చూసుకుంది.

"నాన్నా, నన్ను ఇప్పుడే తీసుకెళ్ళండి," అంది. నాన్న ఏదో అనబోయి, కూతురి మొహం చూసి చొక్కా తొడుక్కున్నారు.

ఏనుగుల గేటు మూసి ఉంది. టెంపో లేదు. వెనక రెండు గదుల తలుపుకి తాళం వేసి ఉంది. కిటికీ తలుపులు తెరిచే ఉన్నాయి. లోపల మంచం లేదు. మంచం ఉండే చోట నేల మీద నల్ల ఫోను ఒక్కటే ఉంది.

బంగళా వాచ్‌మన్ భార్య కొమురమ్మ చీపురు పట్టుకుని వచ్చింది.

"నిన్న పొద్దుమీకి, దీపాలు పెట్టే యాళ్లకు పోయిండ్రు. మద్రాసుకు. సార్‌కు ఆడ పెద్ద స్టూడియోల నౌకరి అయింది," అంది.

"మళ్ళీ ఎప్పుడొస్తారు?" అడిగింది వల్లి.

"ఇగ యాడొస్తరు బిడ్డా. సామానంత తీస్కవోయిండ్రు." కొమురమ్మ వల్లిని ఎగాదిగా చూసింది. "నువ్వు వల్లివా?"

వల్లి తలూపింది.

"పాప నీ పేరే తలుస్తుండె. పోతున్నమని నీకు చెప్పాలె, చెప్పాలె అని. దినాం గా ఫోను ఎత్తుడు, చెవుకు వెట్టుకునుడు, చప్పుడు లేదని కింద వెట్టుడు. అమ్మనేమో సామాను సదురుకుంట కాళీ లేకపాయె. నిన్న పొద్దుగాల నా ఎంబడి దుకాణం దాక వచ్చి, ఆడున్న రూపాయేసే డబ్బా ఫోన్ల మీ ఇంటికి చేసింది. జర సేపు గాదు, శాన సేపు మోగిందంట. ఎవ్వలు ఎత్తలే."

వల్లి వేళ్ళు వాటంతట అవే ముడుచుకున్నాయి.

"ఎన్నింటికి?"

"ఎనిమిది కొట్టంగ."

ఇరవై రెండు. ఆ ఇరవై రెండు రింగులూ కౌసల్యవి. ఒక్కొక్కటీ వల్లి కూర్చుని లెక్కపెట్టింది. చెయ్యి చాపితే అందేది.

"ఏమంది కౌసల్య?" అన్నారు వెనకనుంచి నాన్న.

"ఏమంటది సార్. ఎత్తకుంటే నాతోని మాట్లాడుడు ఇష్టం లేనట్టే గద అత్తమ్మా అన్నది. నేను గట్లేం గాదు బిడ్డా అన్న. ఇనలే. ఏడ్సుకుంట ఇంటికొచ్చింది."

నాన్న స్కూటరు ఇంటి వైపు తిప్పారు. వల్లి ఆయన చొక్కా వెనక మొహం దాచుకుంది. చొక్కా తడిసింది. నిన్న ఇదే దారిలో, ఇదే స్కూటరు మీద, ఆపనా అని నాన్న అడిగారు. అప్పటికి కౌసల్య ఇంకా ఇంట్లోనే ఉంది. ఆ మాటని వెనక్కి తిప్పడానికి దారి లేదు. ఏ ఫోను చేసినా, ఎన్నిసార్లు చేసినా నిన్నటికి కలవదు.

మధ్యాహ్నం వల్లి అన్నం తినలేదు. అమ్మ బలవంతం చెయ్యలేదు. ఎండ గోడ దిగి గచ్చు మీదికి వచ్చింది. ఐదయింది.

ఫోను మోగింది.

ఒకటి. రెండు. మూడు. ఆగలేదు. అమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నాన్న పడక్కుర్చీలో ఉన్నారు. చేతిలో పేపరు లేదు. నాలుగు. ఐదు.

వల్లి లెక్కపెట్టడం మానేసి లేచింది.

"వల్లీ," అన్నారు నాన్న.

"ఎత్తకపోతే అర్థం కాదు నాన్నా," అంది వల్లి. "ఇంకేదో అర్థమవుతుంది."

రిసీవరు ఎత్తింది. "హలో."

అవతల డబ్బాలో రూపాయి బిళ్ళ పడిన చప్పుడు. వెనక బస్సు హారను. తర్వాత ఒక ముసలి గొంతు, నాటకంలోలా స్పష్టంగా, కాస్త వణుకుతూ వచ్చింది.

"హలో... కాశీవిశ్వనాథం గారి ఇల్లేనా అండీ?"

"అవునండీ. నేను వాళ్ళమ్మాయిని."

"హమ్మయ్య. ఎత్తావా తల్లీ. పన్నెండు రోజుల నుంచి చేస్తున్నాను. మీ ఫోను పాడైపోయిందనుకున్నాను. పాపం నాన్నగారికి ఎన్ని పనులు ఆగిపోతున్నాయోనని, రేపు నేనే టెలిఫోను ఆఫీసుకి వెళ్ళి చెప్పి వద్దామనుకుంటున్నాను."

నిజంగా పాడైన ఫోనుని చూసి వల్లి కోపం అనుకుంది. నిజంగా ఎత్తని ఫోనుని చూసి ఈ తాతగారు పాడైందనుకున్నారు.

అవునండీ పాడైంది, ఇప్పుడే బాగు చేశారు. ఆ మాట నాలుక చివర సిద్ధంగా ఉంది. బాలనర్సయ్య పొద్దున వచ్చాడు కూడా. అలా అంటే ఎవరికీ బాధ ఉండదు. వల్లి రిసీవరుని రెండు చేతులతో పట్టుకుంది.

"మా ఫోను బాగానే ఉందండీ," అంది. "మోగింది. మేమే ఎత్తలేదు."

అవతల బస్సు వెళ్ళిపోయిన చప్పుడు వినిపించింది.

"నాన్న ఇంట్లోనే ఉన్నారండీ. ఇస్తాను, ఉండండి."

వల్లి రిసీవరు చాపి నిలబడింది. నాన్న లేవడానికి చాలాసేపు పట్టినట్టనిపించింది. వచ్చి అందుకున్నారు.

"నమస్కారమండీ జానకిరామయ్య గారూ. నేనే... క్షమించాలి. ఆ వేషం ఇంకొకరికి వెళ్ళిపోయిందండీ. చాలా రోజులైంది. మీకు చెప్పడానికి మొహం చెల్లక ఇలా చేశాను." తర్వాత ఆయన వినడమే. "అయ్యో... అవునండీ... నాదే తప్పు... అలాగేనండీ."

ఫోను పెట్టేసి అక్కడే నిలబడ్డారు.

"ఏమన్నారు నాన్నా?"

"తెనాలి నుంచి నాటకాల వాళ్ళు రమ్మని ఉత్తరం రాశారట. నా కబురు వస్తుందేమోనని వెళ్ళకుండా ఆగిపోయారట. మొదటి నాటకం మొన్ననే అయిపోయింది. ఇంకొకటి ఉంది, దానికి రేపు బయలుదేరతారట." నాన్న కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "ముందే చెప్పి ఉంటే బాగుండేది బాబూ, అన్నారు. అంతే. తిట్టినా బాగుండేది."

అమ్మ గచ్చు మీది చిక్కుడుకాయల పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళింది.

కౌసల్య వాళ్ళ మద్రాసు అడ్రసు కోసం నాన్న మూడు రోజులు తిరిగారు. నాలుగో రోజు ఒక రికార్డింగ్ థియేటరులో దొరికింది. వల్లి ఉత్తరం రాసింది. కొట్టివేతలు లేకుండా రాయడానికి మూడు కాగితాలు పట్టాయి.

"కౌసల్యా, ఒట్టు తప్పింది నేను. చప్పట్లు కొట్టిన వాళ్ళలో నేనూ ఉన్నాను. రెండు సార్లు కొట్టాను. నేను ఫోను చేశాను, మీ తీగ తెగిపోయింది. నువ్వు ఫోను చేశావు, మా ఇంట్లో నేను పక్కనే ఉండి ఎత్తలేదు. నువ్వని తెలియదు. ఆదివారం మీ వీధి నుంచి స్కూటరు మీద వెళుతూ కూడా ఆగలేదు. నువ్వు ఇంక ఎప్పుడు ఫోను చేసినా ఎత్తుతాను. గుర్తేమీ అక్కర్లేదు."

జవాబు రాలేదు. వారం అయింది. రెండు వారాలయింది. పోస్ట్‌మన్ సైకిలు బెల్లు వినగానే వల్లి గేటు దాకా వెళ్ళేది. ఖాళీ చేతులతో తిరిగొచ్చేది. వేసవి ఎండలు ముదిరాయి. లోపల ఏదో ఒక గొంతు, చూశావా, నీతో మాట్లాడదు, అంటూనే ఉంది. కోపమే కావచ్చు. ఇల్లు మారి ఉండవచ్చు. ఉత్తరం అసలు చేరకపోయి ఉండవచ్చు. ఏదో తనకి తెలియదు.

వల్లి ఇంకో కాగితం తీసుకుంది. మొదటి వాక్యం ఇలా రాసింది. "కౌసల్యా, నా మొదటి ఉత్తరం నీకు అందిందో లేదో తెలియదు. అందుకని మళ్ళీ రాస్తున్నాను."

అంతలో హాల్లో ఫోను మోగింది. మొదటి రింగు ఇంకా పూర్తి కాలేదు. వల్లి పెన్ను వదిలేసి పరిగెత్తింది.

"హలో, ఎవరండీ?"

కౌసల్య కాదు. ఎవరో వీరయ్య. జీపు డ్రైవరు. షూటింగులో పని ఉందేమో కనుక్కుందామని చేశాడట.

వల్లి ఒక్కసారి ఊపిరి తీసుకుంది.

"నాన్న ఉన్నారండీ," అంది. "పెట్టెయ్యకండి, పిలుస్తాను."